ఒకే చెట్టు, పది పేర్లు: చెస్ట్‌నట్ పుట్టుపూర్వోత్తరాలు డీఎన్‌ఏలో ఎంతవరకు దొరుకుతాయి?

ఇటలీలో ఎపెనైన్ కొండల మీది ముసలి చెస్ట్‌నట్ తోటల్లో చాలా చెట్ల మొదలుకు ఒక ఎత్తులో వడ్డాణం చుట్టినట్టు ఉబ్బు కనిపిస్తుంది. అది అంటు కట్టిన చోటు. ఉబ్బుకి కింద ఉన్నది గింజ నుంచి మొలిచిన నాటు చెట్టు. పైన ఉన్నది ఎప్పుడో, ఎవరో, ఎక్కడినుంచో కొమ్మ తెచ్చి అతికించిన మంచి రకం. కంటికి ఒకే మాను, లెక్కకు రెండు చెట్లు. మొదట్లోంచి పుట్టిన పిలక ఆకును పరీక్షకు పంపితే ఒక జవాబు వస్తుంది, పై కొమ్మ ఆకును పంపితే ఇంకో జవాబు వస్తుంది. ఏ రకం ఎక్కడిదో తేల్చాలని బయలుదేరిన పరిశోధకులు ముందు చూసుకోవాల్సింది యంత్రాన్ని కాదు, ఆకు ఉబ్బుకి పైన కోశారా, కింద కోశారా అన్నది.

తెలుగు నేల మీద ఈ చెట్టు పెద్దగా కనపడదు. యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్లకు మాత్రం చలికాలం వీధుల్లో కాల్చి పొట్లం కట్టి అమ్మే గోధుమరంగు కాయగా తెలుసు. సింగాడాలనే వాటర్ చెస్ట్‌నట్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది ఓక్ చెట్ల కుటుంబం. బాదం, జీడిపప్పుల్లా నూనె గింజ కూడా కాదు. లోపల ఉండేది ఎక్కువగా పిండి. గోధుమ పండని కొండ ఊళ్లలో ఈ కాయల్ని ఎండబెట్టి, పిండి చేసి, ఆ పిండితోనే ఏడాదిలో చాలా భాగం గడిపేవారు. ఇటలీలో, దక్షిణ ఫ్రాన్స్‌లో దీన్ని రొట్టెచెట్టు అని పిలుచుకున్నది అందుకే. అంతగా ఆధారపడిన చెట్టు కాబట్టే లోయకొక రకం, రకానికి నాలుగు పేర్లు పుట్టుకొచ్చాయి.

ఈ పేర్ల గొడవ మామిడి తోటలున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బంగినపల్లినే బేనిషాన్ అంటారు, ఉత్తరాదికి వెళ్తే అదే సఫేదా. తోతాపురి ఒకచోట కలెక్టర్ కాయ, ఇంకోచోట బెంగళూరా. చెస్ట్‌నట్‌లో ఈ చిక్కుతో పాటు దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది, అది ఇంకా ఇబ్బంది పెడుతుంది. స్పెయిన్‌లోని గలీషియాలో నెగ్రాల్ అంటే నల్లది, లౌరా అంటే పసుపు జుట్టుది. ఆ పక్కనే పోర్చుగల్‌లో లాంగల్ అంటే పొడుగుది. కాస్త నల్లగా కాసే చెట్టు ఏ ఊళ్లో ఉండదు? అలా పేరు ఒకటే అయినా ఏ సంబంధమూ లేని చెట్లు, పేర్లు వేరైనా అచ్చంగా ఒకటే అయిన చెట్లు ఒకే రిజిస్టర్‌లో పక్కపక్కన చేరాయి.

చూసి పోల్చుకోవచ్చు కదా అంటే, కొంతవరకే. కాయ సైజు నేలను బట్టి, నీటిని బట్టి, చెట్టు వయసును బట్టి మారుతుంది. పుప్పొడి ఏ చెట్టు నుంచి వచ్చిందన్నదాని ప్రభావం కూడా దాని మీద ఉంటుంది. ఆకు ఆకారం ఒకే చెట్టు మీద ఎండ వైపు ఒకలా, నీడ వైపు ఒకలా ఉంటుంది. నలభై ఏళ్లు తోటలో తిరిగిన రైతు కన్ను తన లోయలో తప్పు చెప్పదు గానీ, కొండ దాటితే దానికీ పట్టు తప్పుతుంది.

1980ల చివర్లో, 1990లలో పరిశోధకులు మొదట పట్టుకున్న సాధనం ఐసోజైములు, అంటే ఒకే పని చేస్తూ రూపంలో కొద్దిగా తేడా ఉండే ఎంజైములు. వాటితో అడవి చెట్ల మధ్య పెద్ద తేడాలు తెలిశాయి కానీ, ఒక రకాన్ని ఇంకో రకం నుంచి విడదీసేంత వివరం దొరకలేదు. తర్వాత వచ్చిన ఆర్‌ఏపీడీ పద్ధతి, అంటే డీఎన్‌ఏలో ఎక్కడెక్కడివో ముక్కల్ని పెంచి గీతలుగా చూసేది, చవక, కానీ ఒక ల్యాబ్‌లో వచ్చిన గీతలు ఇంకో ల్యాబ్‌లో వచ్చేవి కావు. దారి తెరిచినవి మైక్రోశాటిలైట్లు. చెస్ట్‌నట్ కోసం ప్రత్యేకంగా తయారైన ఈ మార్కర్లను, అంటే డీఎన్‌ఏలో గుర్తులుగా పనికొచ్చే చోట్లను, 2003లో ఇటలీలోని టొరినో విశ్వవిద్యాలయం బృందం ఒక వరస, ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధకులు ఇంకో వరస ప్రచురించారు. ఓక్ కోసం తయారైనవి కొన్ని ఈ చెట్టుకీ పనికొచ్చాయి, కుటుంబం ఒకటే కాబట్టి.

మైక్రోశాటిలైట్ అంటే డీఎన్‌ఏలో ఒకే చిన్న ముక్క నత్తి పట్టినట్టు పదే పదే వచ్చే చోటు. సీ, టీ అనే డీఎన్‌ఏ అక్షరాలు సీటీ, సీటీ, సీటీ అని ఒక చెట్టులో పధ్నాలుగు సార్లు వస్తే ఇంకో చెట్టులో పంతొమ్మిది సార్లు రావచ్చు. ఆ చోటు సాధారణంగా ఏ పనీ చేయదు కాబట్టి, లెక్క మారినా చెట్టుకి పోయేదేమీ లేదు. అందుకే తరాల మీద తేడాలు అక్కడ పేరుకుపోతాయి. చెస్ట్‌నట్‌కి 12 జతల క్రోమోజోములు. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కాబట్టి ప్రతి మార్కర్ దగ్గర చెట్టుకి రెండు అంకెలు ఉంటాయి. ఆ ముక్కను పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతితో, పెంచి, యంత్రంలో నడిపించి పొడవు కొలిస్తే, ఉదాహరణకు 198/210 అని వస్తుంది. ఇంకో మార్కర్ దగ్గర 156/156 రావచ్చు. ఇలా పది, ఇరవై చోట్ల తీసిన అంకెల వరసే ఆ చెట్టు వేలిముద్ర.

సంబంధం లేని రెండు చెట్లు ఒక మార్కర్ దగ్గర కాకతాళీయంగా కలిసే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. పది మార్కర్ల దగ్గరా కలవాలంటే అది వెయ్యి కోట్లలో ఒకటి. అన్నదమ్ముల్లాంటి చెట్లయితే ఈ లెక్క అంత గట్టిగా నిలవదు. అయినా, ఇరవై మార్కర్లలో ఇరవయ్యీ కలిస్తే ఆ రెండు చెట్లూ ఒకే కొమ్మ నుంచి వచ్చిన అంట్లే అని ధైర్యంగా చెప్పేయవచ్చు.

బజారులో కొన్న కాయను పరీక్షిస్తే సరిపోదా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లోపలి గింజ చెట్టు బిడ్డ. దానిలో సగం తండ్రి డీఎన్‌ఏ, ఆ తండ్రి గాలికో తుమ్మెదకో దొరికిన ఏ పొరుగు చెట్టైనా కావచ్చు. చెస్ట్‌నట్ తన పుప్పొడితో తాను దాదాపు కాయదు, కాబట్టి తండ్రి వేరే చెట్టే అవ్వాలి. కానీ గోధుమరంగు పెంకు, దాని లోపల గింజకు అతుక్కుని గోళ్లతో గీకినా రాని సన్న పొర, ఈ రెండూ పూర్తిగా తల్లి చెట్టువే. కాయ ఏ రకమో తెలియాలంటే తినే భాగాన్ని పక్కనపెట్టి, పారేసే తొక్కను ల్యాబ్‌కి పంపాలి.

ఆ పొర సంగతి వచ్చింది కాబట్టి మరోనే గురించి. ఇటలీలో మరోనే అంటే చెస్ట్‌నట్లలో దొర. పెద్ద కాయ, పైన సన్నని చారలు, లోపలి పొర గింజలోకి చొచ్చుకుపోకుండా తేలిగ్గా ఊడి వస్తుంది. చక్కెర పాకంలో వేసే మిఠాయికి ఇదే కావాలి. ఊరూరా దీనికి పేరుంది: ఫ్లోరెన్స్ మరోనే, మర్రాది మరోనే, కాస్టెల్ డెల్ రియో మరోనే, కియూసా పేసియో మరోనే. కొన్నిటికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మన బంగినపల్లికి 2017లో వచ్చిన జీఐ లాంటిదే. ఎవరి మరోనే వాళ్లకు గొప్ప.

మార్కర్లు పెట్టి చూస్తే ఈ గొప్పల కింద ఉన్న కథ వేరు. టస్కనీ, ఎమీలియా ప్రాంతాల ఎపెనైన్ కొండల్లోని చెట్ల మీద బొలోన్యా పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మరోనే అని పిలిచే చెట్లు దాదాపు అన్నీ ఒకే వేలిముద్రకు చేరాయి. అంటే ఎప్పుడో ఒకే ఒక్క చెట్టు కాయ నచ్చి, దాని కొమ్మలు చేతులు మారుతూ కొండలు దాటాయి. ఇందులో వింత లేదు, మరోనే స్వభావమే అలాంటిది. దాని మగపూలు పనికొచ్చే పుప్పొడి ఇవ్వవు. అది తల్లి కాగలదు గానీ తండ్రి కాలేదు. దాని గింజ నాటితే వచ్చేది మరోనే కాదు, ఎవరో పొరుగు తండ్రికి పుట్టిన కొత్త చెట్టు. మరోనే మరోనేగా మిగలాలంటే అంటు కట్టడం ఒక్కటే దారి. వందల ఏళ్ల పాటు రైతులు ఆ పని విడవకుండా చేశారు.

ఇంత తేలాక ఈ ఊరి మరోనే, ఆ ఊరి మరోనే అనే మాటకు అర్థం లేదని తీసిపారేయడం తొందరపాటు. మైక్రోశాటిలైట్లు చూసేది డీఎన్‌ఏలో ఇరవై ముప్పై చోట్లు మాత్రమే. శతాబ్దాలుగా పెరుగుతున్న అంట్లలో కొమ్మ స్థాయిలో చిన్న చిన్న మార్పులు వస్తాయి. అవి ఆ ఇరవై ముప్పై చోట్లలో ఎక్కడా పడకపోతే ఈ పద్ధతికి కనపడవు. పైగా భౌగోళిక గుర్తింపు ఇచ్చేది నేలకు, పద్ధతికి, పేరుకు. జన్యువు మీద హక్కు అందులో లేదు. ఇంకో మెలిక: ఫ్రాన్స్‌కి వెళ్తే మరోన్ అనేది రకం పేరే కాదు, నాణ్యత మాట. లోపలి పొర గింజను ముక్కలు చేసిన కాయలు నూటికి 12 లోపు ఉంటే ఆ రకం కాయ మరోన్, అంతకు మించితే షాతేన్. ఇటలీ మరోనే, ఫ్రాన్స్ మరోన్ ఒకే మాటలా వినిపిస్తాయి, కానీ రెండిటినీ ఒకే గంపలో వేసి చుట్టరికం వెతికితే అయోమయమే మిగులుతుంది.

ఐబీరియా ద్వీపకల్పంలో కథ ఇంకో దారి పట్టింది. శాంటియాగో డి కంపోస్టెలా విశ్వవిద్యాలయంలో శాంటియాగో పెరేరా-లోరెంజో, ఆనా రామోస్-కాబ్రెర్ బృందం ఏళ్ల తరబడి స్పెయిన్, పోర్చుగల్ రకాల వేలిముద్రలు తీసింది. 2017లో 24 మైక్రోశాటిలైట్లతో యూరప్ రకాలన్నిటికీ ఒక డేటాబేస్ లాంటిది తయారైంది. కొత్తగా ఒక చెట్టు దొరికితే దాని అంకెల్ని అందులో వెతుక్కోవచ్చు. ఆ పని మీదే నిలబడి ఈ బృందం 2019లో ఒక వాదన ముందుకు తెచ్చింది: చెస్ట్‌నట్‌ను మనిషి మచ్చిక చేసుకున్నది ఒక్క అడుగులో.

వరి, గోధుమల్లో అడవి గడ్డి పంటగా మారడానికి వందల తరాల ఏరివేత పట్టింది. చెస్ట్‌నట్‌లో అంత ఓపిక అక్కర్లేదు. అడవిలో వెయ్యి చెట్లుంటే అందులో ఒకటి పెద్ద కాయ కాస్తుంది. దాని కొమ్మ తెచ్చి ఇంటి దగ్గర చెట్టుకి అంటు కడితే ఆ రోజుకు అది తోట రకం అయిపోయినట్టే. చాలా రకాల అంకెలు చుట్టుపక్కల అడవి చెట్ల అంకెల మధ్యే కూర్చోవడానికి కారణం ఇదేనని వాళ్లంటారు. ఇది ఒప్పుకుంటే ‘ఈ రకం ఏ దేశం నుంచి వచ్చింది’ అనే ప్రశ్న కొన్ని రకాల విషయంలో తప్పు ప్రశ్న. అది ఎక్కడినుంచీ రాలేదు, ఆ లోయ అడవిలోనే పుట్టింది. కొన్ని మాత్రం నిజంగానే ప్రయాణం చేశాయి. ఏది ఏదో చెప్పాలంటే తోట చెట్ల నమూనాలు చాలవు, పక్క అడవి నమూనాలూ కావాలి. ఖర్చు తగ్గించుకోవాలని ఆ రెండో పని వదిలేసే అధ్యయనాలు మూలం గురించి మాట్లాడేటప్పుడు కాస్త అనుమానంగానే చదవాలి.

మూలం అనే మాటతో వచ్చే టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. ఈ రెండు చెట్లూ ఒకటేనా అంటే మార్కర్లు దాదాపు తిరుగులేని జవాబు ఇస్తాయి. దీని అమ్మానాన్నలు ఎవరు అంటే చాలాసార్లు చెబుతాయి. ప్రతి మార్కర్ దగ్గర ఉన్న రెండు అంకెల్లో ఒకటి తల్లిలో, ఒకటి తండ్రిలో కనపడాలి, అంతే లెక్క. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్షకు తల్లిదండ్రులు కాబెర్నే ఫ్రాంక్, సోవిన్యాన్ బ్లాంక్ అని ఈ పద్ధతిలోనే తేల్చారు. కానీ ఆ లెక్క కుదరాలంటే తల్లిదండ్రులు ఇంకా బతికి ఉండి, నమూనాల్లో చేరి ఉండాలి. నాలుగు వందల ఏళ్ల కిందట పొయ్యిలోకి పోయిన తండ్రిని ఏ యంత్రమూ చూపించలేదు. ఇక పూర్వీకులు ఏ నేల నుంచి వచ్చారు అనే ప్రశ్న దగ్గర మార్కర్లు చెప్పేది పోలిక మాత్రమే: నమూనాల్లో ఉన్న ఫలానా అడవులకు ఇది దగ్గరగా ఉంది, ఫలానా అడవులకు దూరంగా ఉంది. ఆ నమూనాల్లో లేని అడవి పేరు జవాబులోకి రాదు.

ఈ మూడో ప్రశ్న చుట్టూ ఉన్న పాత కథ చాలా బలమైనది. గ్రీకులు ఈ కాయను సార్డిస్ కాయ అనేవారు. సార్డిస్ ఇప్పటి టర్కీలో ఉంది. దాంతో చెస్ట్‌నట్ ఆసియా మైనర్ నుంచి గ్రీసుకి, అక్కడి నుంచి ఇటలీకి, రోమన్ సైన్యం వెంట మిగతా యూరప్‌కి నడిచిందని పుస్తకాల్లో స్థిరపడిపోయింది. మట్టి పొరల్లో దొరికిన పుప్పొడి అలా చెప్పలేదు. మంచుయుగంలో ఈ చెట్టు కాకసస్, ఉత్తర టర్కీలతో పాటు బాల్కన్లలో, ఇటలీలో, ఐబీరియాలో కూడా అక్కడక్కడా తల దాచుకుని బతికింది. స్విట్జర్లండ్‌కి చెందిన మార్కో కొనెడేరా, ఆయన సహచరులు 2004లో ఆ ఆధారాలన్నీ పోగు చేసి, కాయ కోసం చెస్ట్‌నట్ పెంచడం విరివిగా సాగింది రోమన్ల కాలంలో కంటే మధ్యయుగాల్లోనని చూపించారు.

డీఎన్‌ఏ ఈ వైపే మొగ్గింది. టర్కీ అడవుల్లో తూర్పు చెట్లకీ పడమటి చెట్లకీ మధ్య పెద్ద తేడా ఉందని, వాయవ్య టర్కీ దగ్గర రెండూ కలిసిపోయాయని ఇటలీ పరిశోధకురాలు ఫియొరెల్లా విల్లానీ బృందం 1990లలో ఐసోజైములతోనే గుర్తించింది. తర్వాత మైక్రోశాటిలైట్లతో యూరప్ మొత్తం చూసినప్పుడు కూడా తూర్పు కుదురు, పడమటి కుదురు విడివిడిగానే కనిపించాయి. అన్నీ ఒకే టర్కీ తల్లి నుంచి వచ్చి ఉంటే ఇలా ఉండేది కాదు.

బ్రిటన్ ముచ్చట ఇంకా బాగుంటుంది. అక్కడి బడిపిల్లలకు సైతం చెస్ట్‌నట్ రోమన్లు తెచ్చిన చెట్టే. గ్లోస్టర్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబ్ జార్మన్, ఇటలీ, బ్రిటన్ పరిశోధకులతో కలిసి, బ్రిటన్, ఐర్లండ్‌లలోని పాత చెట్ల డీఎన్‌ఏను యూరప్ అడవులతో పోల్చి 2019లో ప్రచురించారు. పోలిక ఎక్కువగా పోర్చుగల్, స్పెయిన్ నుంచి ఇటలీ, రొమేనియా దాకా ఉన్న చెట్లతో కుదిరింది, గ్రీసు, టర్కీ చెట్లతో కాదు. రోమన్లు తేలేదని దీనివల్ల రుజువైపోయిందా? లేదు. వాళ్లు ఇటలీ నుంచీ తెచ్చి ఉండవచ్చు కదా. డీఎన్‌ఏ చుట్టాలెవరో చెబుతుంది, ఏ సంవత్సరంలో పడవ ఎక్కారో చెప్పదు. ఆ రెండో సగం కోసం జార్మన్ బృందం రోమన్ల కాలపు తవ్వకాల్లో దొరికాయన్న చెస్ట్‌నట్ ఆనవాళ్లను ఒక్కొక్కటిగా తిరగేసింది. ఆ కాలంలో చెట్టు అక్కడ పెరిగిందని నిలబెట్టగల ఆధారం వాటిలో దొరకలేదు. కథను కదిలించింది పాత పెట్టెల్ని మళ్లీ తెరిచి చూసిన ఆ ఓపిక, డీఎన్‌ఏ దానికి తోడు వచ్చింది.

యూరప్ తోటల్లో ఇప్పుడు ఇంకో రక్తం కూడా ఉంది. వేరు కుళ్లించే ఫైటోఫ్తోరా తెగులుకు తట్టుకుంటుందని ఇరవయ్యో శతాబ్దంలో జపాన్ చెస్ట్‌నట్‌ను తెచ్చి స్థానిక చెట్లతో సంకరం చేశారు. ఫ్రాన్స్‌లో 1962లో చేసిన అలాంటి సంకరమే బూష్ డి బెటిజాక్. 2002లో ఇటలీలోని కూనియో దగ్గర మొగ్గల్లో గుడ్లు పెట్టి ఉబ్బులు పుట్టించే ఆసియా కందిరీగ బయటపడినప్పుడు, అది తాకినా చెక్కుచెదరని రకంగా దీనికి పేరొచ్చింది. సంకరాలు విరివిగా నాటాక, తాతల కాలం నాటి రకం అని నర్సరీలో అమ్మే మొక్క నిజంగా అదేనా అన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న అయింది. కొన్ని మార్కర్ల దగ్గర జపాన్ చెట్లలో తరచూ వచ్చే అంకెలు శుద్ధ యూరప్ చెట్లలో కనపడవు. కాబట్టి కలిసిన రక్తాన్ని పట్టుకోవడం చుట్టరికాల చిక్కుముళ్ల కంటే తేలిక.

ల్యాబ్ లోపలి తలనొప్పులు వేరే ఉన్నాయి. ఒక ల్యాబ్ యంత్రం 198 అన్నది ఇంకో ల్యాబ్‌లో 200 రావచ్చు. అందుకే రెండు చోట్లా తెలిసిన రకాన్ని ఒకదాన్ని నడిపించి అంకెలు సరిచూసుకోవాలి. ఒక్కోసారి ముక్కను పెంచడానికి పీసీఆర్ పట్టుకునే చోటే మారిపోయి, ఉన్న అంకె కూడా కనపడకుండా పోతుంది. అప్పుడు కన్న తల్లి కూడా పరాయిదనిపిస్తుంది. డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం తేడాను చదివే ఎస్‌ఎన్‌పీ మార్కర్లలో ల్యాబ్‌కి ల్యాబ్‌కి మధ్య ఈ పొడవుల పేచీ ఉండదు. పరిశోధన అటు జరగడానికి అదీ ఒక కారణం.

లేబుల్‌ను నమ్మితే ఏమవుతుందో అమెరికాలో తెలిసింది. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో కనిపించిన బూజు తెగులు అర్ధ శతాబ్దంలో 300 నుంచి 400 కోట్ల అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లను తినేసింది. దానికి విరుగుడుగా సిరక్యూస్‌లోని స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ శాస్త్రవేత్తలు గోధుమ జన్యువు ఒకటి చేర్చిన చెట్లు తయారు చేశారు. ఆశలన్నీ పెట్టుకున్న వరస పేరు డార్లింగ్ 58. అందులో ఆ జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉండాలి. 2023లో పరీక్షించినప్పుడు అది అక్కడ లేదు, 4వ క్రోమోజోమ్ మీద, చెట్టు సొంత జన్యువు ఒకదాని మధ్యలో దూరి ఉంది. 2016 ప్రాంతంలో పుప్పొడి తారుమారై, అందరూ పెంచుతున్నది డార్లింగ్ 54 అని బయటపడింది. 2023 డిసెంబర్‌లో అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ తన మద్దతు ఉపసంహరించుకుంది. మధ్యలో గడిచిన ఏడేళ్లూ పొలాల్లోని ఆ మొక్కల లేబుళ్ల మీద 58 అనే ఉంది.